పేరు ఒకటే, పైథాన్లు ఎన్నో

పైథాన్ తెరిచి మూడుని రెండుతో భాగించమని అడగండి. అది 2.7 వర్షన్ అయితే 1 అంటుంది, 3.8 అయితే 1.5 అంటుంది. మనం కొట్టింది అవే అంకెలు, అదే గుర్తు. లెక్క ఎవరూ తప్పలేదు. పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యతో భాగిస్తే పూర్ణసంఖ్యే రావాలన్నది పాత నియమం, సీ భాష నుంచి వచ్చిన ఆనవాయితీ. బళ్లో లెక్కల మాస్టారు ఒప్పుకునే జవాబు రావాలన్నది కొత్త నియమం.

ఇప్పుడు పాత నియమాన్ని నమ్ముకుని రాసిన ప్రోగ్రాం ఒకటి ఉందనుకుందాం. వంద వస్తువులను పన్నెండేసి చొప్పున పెట్టెల్లో సర్దితే నిండు పెట్టెలెన్ని అని అది లెక్క కడుతుంది. పాత పైథాన్‌లో 8 వస్తుంది. కొత్తదాంట్లో 8.33 చిల్లర వస్తుంది. ప్రోగ్రాం ఆగదు, ఎర్రర్ చూపదు, తప్పు అంకెను పట్టుకుని ముందుకు పోతుంది. దాన్ని కూర్చుని సరిచేసే తీరిక దొరికేదాకా పాత పైథాన్ ఉండి తీరాలి. అదే కంప్యూటర్‌లో నిన్న మొదలుపెట్టిన ఇంకో ప్రోగ్రాంకి కొత్త పైథాన్ కావాలి. ఈ రెండూ ఒకేచోట ఉండాలి, ఏ ప్రోగ్రాంకి ఏది కావాలో అదే అందాలి. ఎలా?

ఈ తలనొప్పి జావా వాళ్లకీ, రూబీ వాళ్లకీ, నోడ్ వాళ్లకీ ఉంది. పైథాన్ కథలో నేర్చుకోవాల్సినవి ఎక్కువ కాబట్టి ఈ అధ్యాయంలో దాన్నే పట్టుకుందాం.

పద్దెనిమిదా, ఆరా?

గీడో వాన్ రాసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1989 డిసెంబర్‌లో పైథాన్ రాయడం మొదలుపెట్టారు. 1991 ఫిబ్రవరిలో తొలి కూర్పు బయటికి వచ్చింది. 2000 అక్టోబర్‌లో 2.0 వచ్చింది. అప్పటికే భాషలో పాతుకుపోయిన కొన్ని పొరపాట్లను సరిచేయాలంటే పాత ప్రోగ్రాంలు పనిచేయకుండా పోవడం తప్పదని నిర్వాహకులు నిర్ణయించుకున్నారు. అలా తెలిసి తెలిసి తెగదెంపులు చేసుకుని వచ్చిన వర్షన్ 3.0. తేదీ 2008 డిసెంబర్ 3.

భాగహారం అందులో చిన్న మార్పు. పెద్ద మార్పు అక్షరాలది, అది తెలుగువాళ్లకు బాగా తగిలే విషయం. ‘తెలుగు’ అన్న మాట పొడవెంత అని పాత పైథాన్‌ని అడిగితే మామూలుగా 18 అంటుంది. కొత్తది 6 అంటుంది. మన కంటికి కనిపిస్తున్నవి మూడే అక్షరాలు.

కొత్త పైథాన్ లెక్క ఇలా ఉంటుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. యూనికోడ్ ప్రమాణం 1991లో తొలి కూర్పులోనే తెలుగు లిపిలోని హల్లుకూ గుణింతపు గుర్తుకూ విడివిడిగా ఒక్కో నంబరు ఇచ్చింది. వాటిని కొత్త పైథాన్ లెక్కపెడితే ఆరొచ్చాయి. ఆ నంబర్లను డిస్కులో భద్రపరచడానికి వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. పాత పైథాన్‌కి అక్షరం అంటే బైటే. ఆరు మూళ్లు పద్దెనిమిది.

ఇది వట్టి లెక్క తేడా అయితే సర్దుకుపోవచ్చు. పాత పైథాన్‌లో బైట్ల రూపంలో ఉన్న మాటనూ యూనికోడ్ రూపంలో ఉన్న మాటనూ కలిపితే, బైట్లన్నీ ఆస్కీవే, అంటే ఇంగ్లిష్ అక్షరాలే అనుకుని అది చెప్పాపెట్టకుండా మార్చేసేది. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించినంత కాలం ప్రోగ్రాం బంగారంలా నడిచేది. జాబితాలోకి మొదటి తెలుగు పేరు రాగానే కూలబడేది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తులన్నిటికీ మొదటి బైటు ఒకటే, పదహారు ప్రాతిపదిక సంఖ్యల్లో రాస్తే ఈ0. ఆ ఈ0 బైటును డీకోడ్ చేయలేనన్న ఎర్రర్ తెలుగు ఫైళ్లతో పనిచేసిన పాతకాలపు ప్రోగ్రామర్లందరికీ కంఠోపాఠం. కొత్త పైథాన్ బైట్లనూ అక్షరాలనూ రెండు వేర్వేరు జాతులుగా విడదీసింది. కలపబోతే ఎవరి భాష అయినా సరే మొదట్లోనే అభ్యంతరం చెబుతుంది.

మార్పు మంచిదే. జనం మాత్రం రాత్రికి రాత్రి మారలేదు. పాత ప్రోగ్రాంని ‘టూ టు త్రీ’ అనే పనిముట్టుతో ఒక్కసారిగా కొత్తదానికి తిప్పేసుకుంటారని 3.0 తెచ్చినవాళ్లు ఆశించారు. లైబ్రరీలు రాసేవాళ్లకు అది కుదరలేదు, వాళ్ల వాడుకదారుల్లో సగం పాతదాని మీద, సగం కొత్తదాని మీద ఉన్నారు. రెండిట్లోనూ నడిచే ఒకే ప్రోగ్రాం వాళ్లకు కావాలి. అందుకు ‘సిక్స్’ అనే చిన్న లైబ్రరీ పుట్టింది. రెండు మూళ్లు ఆరు, పేరు వెనక లెక్క అదే. 2012లో వచ్చిన 3.3లో భాషే ఒక మెట్టు దిగి, 3.0లో తీసేసిన యూనికోడ్ మాటల పాత గుర్తును మళ్లీ చేర్చుకుంది. 2.7కి 2015లో ఆపేస్తామన్న నిర్వహణను 2020 దాకా పొడిగించారు. ఇన్‌స్టాగ్రామ్ 2017లో, గీడో స్వయంగా పనిచేసిన డ్రాప్‌బాక్స్ 2018లో పెద్ద ప్రయాస పడి కొత్తదానికి మారాయి. 2020 ఏప్రిల్‌లో 2.7.18 విడుదలతో పాత వంశం ముగిసింది. ఈ పన్నెండేళ్లూ ఎన్నో కంప్యూటర్లలో రెండు పైథాన్లూ పక్కపక్కనే నడిచాయి.

ఎంటర్ నొక్కాక జరిగేది

టెర్మినల్‌లో ‘పైథాన్3’ అని కొట్టి ఎంటర్ నొక్కారు. ఆ పేరుతో ఏ ఫైలు నడవాలో తేల్చింది ఎవరు? పైథాన్ అయ్యుండదు, అది ఇంకా మొదలే కాలేదు. తేల్చేది షెల్, అంటే మన కమాండ్లను అందుకునే ప్రోగ్రాం. దాని దగ్గర ‘పాత్’ అనే జాబితా ఉంటుంది. అందులో ఫోల్డర్ల చిరునామాలు వరసగా ఉంటాయి, వాటి మధ్య లినక్స్, మ్యాక్‌లలో కోలన్, విండోస్‌లో సెమీకోలన్. షెల్ ఎడమ చివరినుంచి మొదలుపెడుతుంది. మొదటి ఫోల్డర్‌లో ఈ పేరుతో నడపదగ్గ ఫైలుందా? లేదు. రెండోదాంట్లో? ఉంది. వెతుకులాట అయిపోయింది. మూడో ఫోల్డర్‌లో ఇంకా కొత్త పైథాన్ ఉన్నా దాని మొహం కూడా చూడదు. వర్షన్ అంకెలు పోల్చి ఏది మెరుగో ఎంచడం దాని పనే కాదు.

తాత పేరు మనవడికి పెట్టుకున్న ఇల్లు లాంటిది ఇది. ఇంట్లోవాళ్లకు ఎవరెవరో తెలుసు. వీధిలోంచి పేరు పెట్టి పిలిచినవాడికి మాత్రం గుమ్మంలోకి ముందు ఎవరొస్తే వాళ్లే ఆ పేరు గల మనిషి.

జాబితాలో మొదట /యూఎస్‌ఆర్/లోకల్/బిన్, తర్వాత /యూఎస్‌ఆర్/బిన్ ఉన్నాయనుకోండి. లినక్స్‌తో పాటు వచ్చిన 3.10 రెండోదాంట్లో ఉంటుంది. సొంతంగా కంపైల్ చేసుకున్న 3.12 మామూలుగా మొదటిదాంట్లో చేరుతుంది. ‘పైథాన్3’ అంటే 3.12 వస్తుంది. ఆ రెండు చిరునామాల వరస తిరగేస్తే 3.10 వస్తుంది. డిస్కులో ఒక్క ఫైలూ కదలలేదు, మారింది వరస ఒక్కటే.

ఈ చిన్న సంగతి తెలిస్తే చాలా చిక్కుముళ్లు వాటంతటవే విడిపోతాయి. పాత్ జాబితా కంప్యూటర్ మొత్తానికి ఒకటి ఉండదు. ప్రతి ప్రోగ్రాం తనను మొదలుపెట్టిన ప్రోగ్రాం దగ్గర్నుంచి ఒక నకలు తెచ్చుకుంటుంది. టెర్మినల్‌లో చక్కగా నడిచే ప్రోగ్రాం ఎడిటర్‌లో బటన్ నొక్కితే నడవకపోవడానికి, అర్ధరాత్రి క్రాన్ (నిర్ణీత వేళకు ప్రోగ్రాంలను నడిపే ఏర్పాటు) ద్వారా నడిచేటప్పుడు లైబ్రరీ దొరకలేదనడానికి మామూలు కారణం ఇదే. క్రాన్‌కు అందే పాత్ చాలా పొట్టిది, తరచుగా రెండే ఫోల్డర్లు. ఇంకోటి, బాష్ షెల్ ఒకసారి దొరికిన చోటును గుర్తుపెట్టుకుంటుంది. కొత్త పైథాన్‌ని ఇప్పుడే ఇన్‌స్టాల్ చేసినా అదే టెర్మినల్‌లో పాతది పలుకుతోందంటే ఆ జ్ఞాపకం వల్లే కావచ్చు. కొత్త టెర్మినల్ తెరిస్తే సరిపోతుంది.

దొరికిన ఫైలు కూడా అసలు పైథాన్ కాకపోవచ్చు. లినక్స్‌లో పైథాన్3 అనేది చాలాసార్లు ఒక లింకు, పక్కనే ఉన్న పైథాన్3.10ని చూపించే వేలు మాత్రమే.

ఇక ప్రోగ్రాం ఫైలే తనకు ఏ పైథాన్ కావాలో మొదటి వరసలో రాసుకునే పద్ధతి ఒకటుంది. హ్యాష్, ఆశ్చర్యార్థకం గుర్తులు పెట్టి పక్కన చిరునామా రాస్తారు. యునిక్స్‌లో ఈ ఏర్పాటును 1980 జనవరిలో డెనిస్ రిచీ తెచ్చారు. అక్కడ రెండు రకాలుగా రాయొచ్చు. పూర్తి చిరునామా రాస్తే సరిగ్గా ఆ ఫైలే నడుస్తుంది. ‘ఎన్వ్’ అనే సహాయకుడి పేరు రాసి, పక్కన పైథాన్3 అని పెడితే, అది మళ్లీ పాత్ జాబితాలో వెతుకుతుంది. మొదటి పద్ధతి ఫలానా ఇంటి నంబరుకే వెళ్లమంటుంది, రెండోది పేరు పెట్టి పిలవమంటుంది. ఈ తేడా తర్వాతి సంగతికి కీలకం.

ముట్టుకోకూడని పైథాన్

ఉబుంటు లినక్స్ 18.04తో పైథాన్ 3.6 వచ్చేది. 3.8 ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లు చాలామంది, ఇకనుంచి పైథాన్3 అంటే 3.8 రావాలని, /యూఎస్‌ఆర్/బిన్‌లోని ఆ లింకునే తిప్పేశారు. పని జరిగింది. మర్నాడు టెర్మినల్ ఐకాన్ మీద నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. తప్పును సరిచేయడానికి కావాల్సిన టెర్మినలే రావడం మానేసింది.

ఎందుకంటే, ఆ ఉబుంటులో టెర్మినల్‌ని తెరిచే ఫైలు స్వయంగా ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాం. మొదటి వరసలో పూర్తి చిరునామా ఉంది. ఆ చిరునామాలో ఇప్పుడు కూర్చున్నది 3.8. ప్రోగ్రాం మొదలవగానే ‘జీఐ’ అనే లైబ్రరీని పిలుస్తుంది. ఆ లైబ్రరీలో కొంత భాగం సీ భాషలో రాసి, 3.6 కోసమే కంపైల్ చేసినది. ఆ కంపైల్ చేసిన ఫైలు పేరులోనే ‘సీపైథాన్-36ఎం’ అని ఉంటుంది. 3.8 వచ్చి తనకోసం ‘సీపైథాన్-38’ అని ఉన్న ఫైలును వెతుకుతుంది, దొరకదు, అక్కడితో సరి. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే కొన్ని పనిముట్లు ‘ఏపీటీ_పీకేజీ’ మాడ్యూల్ లేదని మొరాయించడం వెనకా ఇదే కారణం. అంతకుముందు సెంటాస్ 6లో ఇదే కథ వేరే పాత్రలతో నడిచింది. అక్కడ 2.6ని తప్పిస్తే, సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే ‘యమ్’ పడకేసేది, ఎందుకంటే అదీ పైథాన్ ప్రోగ్రామే.

అంటే కంప్యూటర్‌తో వచ్చిన పైథాన్ మన వాడకానికి పెట్టింది కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ తన పనులకు పెట్టుకున్న సొంత పనిముట్టు. తయారీదారులు దీన్ని గ్రహించి తలో దారి పట్టారు. రెడ్ హ్యాట్ 2019లో విడుదల చేసిన తన లినక్స్ ఎనిమిదో వర్షన్‌లో సిస్టమ్ పైథాన్‌ని ‘ప్లాట్‌ఫాం-పైథాన్’ అని పేరు మార్చి, మామూలుగా చేయి పడని ఫోల్డర్‌లో పెట్టింది. వట్టి ‘పైథాన్’ అన్న పేరుకు ఏమీ ఇవ్వకుండా, ఏది కావాలో మీరే ఎంచుకోండంది. ఆపిల్ 2022లో మ్యాక్ ఓఎస్ 12.3 నుంచి 2.7ని తీసేసింది. 2023లో వచ్చిన డెబియన్ 12లో అయితే సిస్టమ్ పైథాన్‌లోకి లైబ్రరీలు తెచ్చిపెట్టే పిప్‌తో ఒక లైబ్రరీ ఎక్కించబోతే, ఈ పరిసరాన్ని వేరేవాళ్లు నిర్వహిస్తున్నారని చెప్పి ఆపేస్తుంది. ఆ అడ్డు దాటే ఐచ్ఛికం ఉంది. దాని పేరే ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ అని పెట్టారు, చేసేవాడికి ఏం చేస్తున్నాడో తెలియాలని.

ఎవరి గది వాళ్లది

కొత్త వర్షన్‌ని ఎక్కడ పెట్టాలి? ఇక్కడ భాష మనకు అనుకూలంగానే ఉంది. పైథాన్ చాలాకాలంగా తన లైబ్రరీ ఫోల్డర్ పేరులో వర్షన్ రాసుకుంటుంది: పైథాన్3.10, పైథాన్3.12 అని. కాబట్టి రెండు వర్షన్లు ఒకే చెట్టు కింద ఉన్నా వాటి సరంజామా కలిసిపోదు. సోర్సు నుంచి కంపైల్ చేసేవాళ్లు ఆఖరు మెట్టులో ‘ఇన్‌స్టాల్’ బదులు ‘ఆల్ట్‌ఇన్‌స్టాల్’ అంటే, పైథాన్3.12 అన్న పూర్తి పేరు మాత్రమే చేరుతుంది. పైథాన్3 అన్న పొట్టి పేరు జోలికి పోదు.

ఒకప్పుడు కలహం వచ్చిన చోటు ఒకటుంది. పైథాన్ మన ప్రోగ్రాం ఇంపోర్ట్ చేసుకునే మాడ్యూల్‌ని ఒకసారి చదివాక, మళ్లీసారి త్వరగా మొదలవడానికి తనకు అర్థమయ్యే సంకేతాల్లోకి మార్చి పక్కనే భద్రపరుస్తుంది. పాతరోజుల్లో ఆ ఫైలు పేరులో వర్షన్ ఉండేది కాదు. ఒకే ఫోల్డర్‌ని రెండు వర్షన్లు వాడుకుంటే, ఒకటి రాసింది ఇంకోటి చెల్లదని చెరిపి మళ్లీ రాసేది. 2011లో వచ్చిన 3.2 నుంచి ఈ ఫైళ్లు ‘పైకాష్’ అనే ఉపఫోల్డర్‌లోకి వెళ్లాయి, పేరు చివర ‘సీపైథాన్-32’ అన్న ముద్ర పడింది. మీ దగ్గర రెండు వర్షన్లు ఉంటే ఒకే మాడ్యూల్‌ని రెండిటితోనూ ఇంపోర్ట్ చేసి, ఆ ఉపఫోల్డర్ తెరిచి చూడండి. ఒకే మాడ్యూల్‌కు రెండు ముద్రలతో రెండు ఫైళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి.

పిలుపును దారిలో అందుకునేవాళ్లు

పెట్టుకోవడం తేలిక. ‘పైథాన్’ అని పిలిచిన ప్రతిసారీ సరైనది పలకాలి, అసలు చిక్కు అది. ప్రతి ప్రాజెక్టు దగ్గరా ‘పైథాన్3.8’, ‘పైథాన్3.12’ అని పూర్తి పేర్లు కొట్టుకుంటూ పోవచ్చు. మనిషికి గుర్తుండదు, ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంని పిలిచేటప్పుడు అసలే కుదరదు.

రూబీ భాషవాళ్ల దగ్గర ఈ ఇబ్బందికి 2011లో ‘ఆర్‌బెన్వ్’ అనే మందు దొరికింది. మరుసటి ఏడే దాన్ని పైథాన్‌కు తగ్గట్టు మలిచి ‘పైఎన్వ్’ చేశారు. దాని యుక్తి చూడముచ్చటగా ఉంటుంది. పాత్ జాబితాలో అందరికన్నా ముందు తన ‘షిమ్స్’ ఫోల్డర్‌ని పెడుతుంది. అందులో పైథాన్, పిప్ లాంటి పేర్లతో చిన్న చిన్న ఫైళ్లుంటాయి. ఒక్కటీ అసలుది కాదు, కొద్ది వరసల షెల్ స్క్రిప్టులు. మనం ‘పైథాన్’ అనగానే షెల్ యథాప్రకారం మొదటి ఫోల్డర్‌లో దొరికినదాన్ని, అంటే ఈ నకిలీని నడుపుతుంది. నకిలీ పైఎన్వ్‌ను అడుగుతుంది: ఇప్పుడు ఏ వర్షన్?

పైఎన్వ్ జవాబు వెతికే వరస ఇది. ముందు, ఈ టెర్మినల్‌కు ప్రత్యేకంగా ఏదైనా చెప్పారా? లేకపోతే, మనమున్న ఫోల్డర్‌లో ‘.పైథాన్-వర్షన్’ అనే ఫైలుందా? లేకపోతే దాని పై ఫోల్డర్‌లో? ఆ పైన? మూలం దాకా వెళ్లినా దొరక్కపోతే, అందరికీ కలిపి చెప్పుకున్న వర్షన్. దొరికిన అంకెను బట్టి అసలు పైథాన్‌ని నడిపి తాను తప్పుకుంటుంది. ఆ ఫైలు తెరిస్తే ఒకే ఒక్క వరస ఉంటుంది, ఉదాహరణకు 3.11.4 అని.

ఆ ఒక్క వరసలో పెద్ద మలుపు ఉంది. అంతవరకూ ‘ఈ కంప్యూటర్‌లో ఏ పైథాన్ ఉంది’ అన్న ప్రశ్నే వినబడేది. ఇప్పుడు ‘ఈ ప్రాజెక్టుకు ఏ పైథాన్ కావాలి’ అన్నది ప్రశ్న. వర్షన్ యంత్రం ఆస్తిగా ఉండడం మానేసి ప్రాజెక్టు ఆస్తి అయింది. ఫోల్డర్ మారితే పైథాన్ మారుతుంది. ప్రాజెక్టును ఇంకొకరికి పంపితే ఆ వరసా వెంట వెళ్తుంది.

దారులు వేరైనా మిగతా పనిముట్ల ఉద్దేశం ఇదే. నోడ్ కోసం 2010లో వచ్చిన ‘ఎన్‌వీఎం’ నకిలీలు పెట్టదు, అడిగినప్పుడు పాత్ జాబితానే సవరిస్తుంది. విండోస్‌లో 3.3 నుంచి ‘పై’ అనే ద్వారపాలకుడు వస్తున్నాడు. ‘పై’ అని పక్కన వర్షన్ చెబితే ఆ పైథాన్‌ని పిలుస్తాడు. ప్రోగ్రాం మొదటి వరసలో రాసుకున్న కోరికను విండోస్ పట్టించుకోకపోయినా ఇతను చదువుతాడు. పైఎన్వ్‌తో ఉన్న ఇబ్బంది ఒకటుంది: మామూలుగా సోర్సు తెచ్చి మన యంత్రంలోనే కంపైల్ చేస్తుంది. ఇంటర్నెట్‌తో భద్రంగా మాట్లాడడానికి కావాల్సిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ హెడర్ ఫైళ్లు లేకపోతే ఇన్‌స్టాల్ విఫలమవుతుంది. 2024లో వచ్చిన ‘యూవీ’ అనే పనిముట్టు, ముందే కంపైల్ చేసి ఉంచిన పైథాన్‌ని దించుకుంటుంది కాబట్టి పని సెకన్లలో తేలుతుంది. ‘.పైథాన్-వర్షన్’ ఫైలును అదీ చదువుతుంది.

లైబ్రరీల సంగతి

ఒకే వర్షన్ పైథాన్ వాడే రెండు ప్రాజెక్టులు కూడా గొడవపడగలవు. ఒకదానికి జాంగో లైబ్రరీ పాతది కావాలి, ఇంకోదానికి కొత్తది. ఒక పైథాన్ లైబ్రరీ ఫోల్డర్‌లో జాంగో ఒక్కటే పడుతుంది. దీనికి ఇయాన్ బికింగ్ 2007లో ‘వర్చువల్‌ఎన్వ్’ తెచ్చారు. 2012లో వచ్చిన 3.3 నుంచి అదే ఆలోచన ‘వెన్వ్’ పేరుతో పైథాన్‌లోనే భాగమైంది.

వెన్వ్ అంటే ఇంకో పైథాన్ అని చాలామంది అనుకుంటారు. దాని ఫోల్డర్ తెరిచి చూస్తే ఆ అపోహ పోతుంది. ‘బిన్’లో పైథాన్ అన్నది లినక్స్‌లో వట్టి లింకు, అసలు పైథాన్ వైపు చూపిస్తుంది. ‘లిబ్’లో లైబ్రరీలు పెట్టుకునే ‘సైట్-ప్యాకేజెస్’ ఉంటుంది, మొదట్లో దాదాపు ఖాళీగా. వీటి పైన ‘పైవెన్వ్.సీఎఫ్‌జీ’ అనే చిన్న పాఠ్య ఫైలు. అందులో అసలు పైథాన్ ఇల్లెక్కడో, సిస్టమ్ లైబ్రరీలు కనబడాలా వద్దా అన్నది, వర్షన్ ఎంతన్నది రాసి ఉంటుంది. పైథాన్ మొదలవగానే తనను పిలిచిన ఫైలు పక్కన గానీ ఒక మెట్టు పైన గానీ ఈ ఫైలు ఉందేమో చూస్తుంది. ఉంటే, ప్రామాణిక లైబ్రరీని అసలు ఇంటినుంచీ, బయటి లైబ్రరీలను ఈ ఫోల్డర్‌నుంచీ తెచ్చుకుంటుంది. మంత్రమంతా ఇంతే.

ఇది తెలిస్తే కొన్ని వింతలు వింతలు కాకుండా పోతాయి. ‘యాక్టివేట్’ అన్నప్పుడు ముఖ్యంగా జరిగేది, ఈ బిన్ ఫోల్డర్ పాత్ జాబితాలో ముందుకు రావడం. యాక్టివేట్ చేయకుండా ఆ బిన్‌లోని పైథాన్‌ని పూర్తి చిరునామాతో పిలిచినా అంతే ఫలితం, క్రాన్‌లో చేయాల్సింది అదే. అసలు పైథాన్‌ని తీసేస్తే వెన్వ్ తెగిన గాలిపటమే. వెన్వ్ ఫోల్డర్‌ని ఇంకోచోటికి జరిపితే పిప్ పనిచేయదు, ఎందుకంటే ఆ పిప్ స్క్రిప్టు మొదటి వరసలో పాత చోటు చిరునామా అక్షరాలా రాసి ఉంది. జరపడం దండగ, చెరిపేసి కొత్తది చేసుకోవడమే మేలు.

లైబ్రరీల కింద సీలో, ఫోర్ట్రాన్‌లో రాసిన సరంజామా కూడా మారాల్సి వస్తే వెన్వ్ చేయి చాలదు. శాస్త్ర పరిశోధకులకు ఇది రోజువారీ సమస్య. వాళ్లకోసం 2012లో వచ్చిన ‘కొండా’ పైథాన్‌తో పాటు ఆ సరంజామానూ కలిపి తెస్తుంది. 2013లో వచ్చిన డాకర్ ఇంకో మెట్టు పైకెళ్లి, ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లన్నిటినీ మూటకట్టి ఇస్తుంది. దాని లోపల ఒకే పైథాన్ ఉన్నా ఫరవాలేదు, ఎందుకంటే ఆ మూట ఉన్నదే ఒక్క ప్రాజెక్టు కోసం.

ఏటా ఒకటి

రెండు నుంచి మూడుకు మారడం ఒక్కసారి వచ్చిన తుపాను, అది పోయింది కదా, ఇంకా ఇన్ని పనిముట్లెందుకు అనిపించవచ్చు. చుక్క తర్వాతి అంకె చిన్నదిగా కనిపించినా చేసే పని చిన్నది కాదు. 2018లో వచ్చిన 3.7లో ‘అసింక్’ అన్న మాటను భాష తనకోసం కేటాయించుకుంది. అప్పటికే ఆ మాటను తమ ప్రోగ్రాంలలో మామూలు పేరుగా వాడుకున్న టెన్సర్‌ఫ్లో, సెలరీ లాంటి పెద్ద లైబ్రరీల కూర్పులు ఒక్క వరస కూడా నడవకుండా సింటాక్స్ ఎర్రర్‌తో ఆగిపోయాయి. 2021 అక్టోబర్‌లో 3.10 వచ్చినప్పుడు, వర్షన్ కోసం మొదటి మూడు గుర్తులే చూసుకునే పాత ప్రోగ్రాంలు దాన్ని 3.1 అని చదివాయి. 2023 అక్టోబర్‌లో వచ్చిన 3.12లో, 2000 నుంచీ ఉన్న ‘డిస్ట్‌యుటిల్స్’ అనే భాగాన్ని తీసేశారు. దాన్ని నమ్ముకున్న పాత లైబ్రరీలు అక్కడ ఇన్‌స్టాల్ కావడమే మానేశాయి.

పైగా ఇప్పుడిది క్యాలెండర్ ప్రకారం జరుగుతుంది. 2019లో ఆమోదించిన పద్ధతిలో ఏటా అక్టోబర్‌లో ఒక కొత్త వర్షన్ వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్ల సంరక్షణ ఉంటుంది. అంటే ఎప్పుడు చూసినా సుమారు ఐదు పైథాన్లు అధికారికంగా బతికి ఉంటాయి. లైబ్రరీ రాసేవాళ్లు వాటన్నిటి మీదా పరీక్షించుకోవాలి, అందుకు ‘టాక్స్’ లాంటి పనిముట్లు ఒక్కో వర్షన్‌కు ఒక్కో వెన్వ్ కట్టి, పరీక్షలన్నీ నడిపి, ఎక్కడ తప్పిందో చెబుతాయి. వాళ్ల కంప్యూటర్‌లో ఐదు పైథాన్లు ఉండడం అవసరం.

భాష మారాలంటే

ఒక యంత్రంలో ఒక భాషకు ఒక్క వర్షన్‌కే చోటుంటే ఏమయ్యేదో ఆలోచించండి. భాషను తీర్చిదిద్దేవాళ్లకు రెండే దారులు మిగిలేవి. ఒకసారి చేసిన తప్పును శాశ్వతంగా మోస్తూ ఉండడం, లేదా ఒకే రోజు అందరి ప్రోగ్రాంలనూ పాడుచేయడం. మూడుని రెండుతో భాగిస్తే 1 అన్న జవాబు ఇప్పటికీ అలాగే ఉండేది. తెలుగు పేరు రాగానే కూలబడే ప్రోగ్రాంలూ ఉండేవి. పాతది పక్కన బతికే వీలుంది కాబట్టే కొత్తదానికి మారే ధైర్యం వచ్చింది. పన్నెండేళ్లు పట్టినా మార్పు పూర్తయిందంటే, ఆ పన్నెండేళ్లూ రెండిటినీ ఒకేచోట నడిపించిన ఈ చిన్న చిన్న పనిముట్ల పుణ్యమే.

అందుకే వర్షన్ల నిర్వహణలో గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే: ప్రాజెక్టుకు ఏం కావాలో ప్రాజెక్టులోనే రాసి ఉండాలి. ఏ పైథాన్ అన్నది ఒక ఫైలులో, ఏ లైబ్రరీ సరిగ్గా ఏ కూర్పు అన్నది ఇంకో ఫైలులో. సిస్టమ్ పైథాన్‌ని దాని మానాన వదిలేయాలి. ఇది సరిగ్గా కుదిరిందా లేదా అన్నది తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీ ప్రాజెక్టులోని వెన్వ్ ఫోల్డర్‌ని చెరిపేసి, రాసి ఉన్న ఫైళ్ల ఆధారంగా మళ్లీ కట్టండి. ఐదు నిమిషాల్లో ప్రోగ్రాం మునుపటిలా నడిస్తే, ఆ ప్రాజెక్టు ఏ కంప్యూటర్‌కైనా వెళ్లగలదు. చెరపడానికి చేయి వెనక్కి వస్తే, ముందుగా ఆ రెండు ఫైళ్లూ రాయండి. ఇప్పుడు నడుస్తున్న పైథాన్‌నీ, పిప్‌నీ అడిగితే అంకెలన్నీ అవే చెబుతాయి.